312 లైకులు వచ్చాయి, బ్లాగుకు వచ్చింది మాత్రం 9 మంది

చిక్కడపల్లి_శారద
మూడేళ్లుగా హైదరాబాదు పాత వీధుల మీద, కట్టడాల మీద బ్లాగు రాస్తున్నాను. ఇప్పటికి 140 టపాలయ్యాయి. ఒక్కో టపాకు రెండేసి ఆదివారాలు తిరుగుతాను, అఫ్జల్‌గంజ్ గ్రంథాలయంలో కూర్చుని పాత పుస్తకాలు చూస్తాను, ఫోటోలు నేనే తీసుకుంటాను. పోయిన వారం ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు మీద రాశాను. 1908 మూసీ వరదలో 150 మంది దాకా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చెట్టు అది. లంకె తీసుకెళ్లి 34 ఫేస్‌బుక్ గ్రూపుల్లో పెట్టాను. అన్నీ కలిపి 312 లైకులు, "సూపర్ మేడమ్" అంటూ ఓ 40 కామెంట్లు. బ్లాగు లెక్కలు తెరిచి చూస్తే ఫేస్‌బుక్ నుంచి వచ్చినవాళ్లు తొమ్మిది మంది. అంటే మిగతావాళ్లంతా చదవకుండానే లైకు కొట్టారు. రెండు రోజులుగా మనసు మనసులో లేదు. సోషల్ మీడియా వల్ల బ్లాగుకు పాఠకులు నిజంగా వస్తారా? మీలో ఎవరికైనా వచ్చి ఉంటే ఏం చేశారో చెప్పండి.

ఇరానీచాయ్
రారు. నేను రెండేళ్లు చూసి బ్లాగు ఆపేశాను. ఇప్పుడంతా ఫేస్‌బుక్‌లోనే రాస్తున్నా. జనం ఎక్కడుంటే అక్కడికే మనం పోవాలి.

కోడ్_కిరణ్
34 గ్రూపుల్లో ఎంతసేపట్లో పెట్టారండీ? లంకెతో పాటు ఏం రాశారు?

చిక్కడపల్లి_శారద
పావుగంటలో అన్నిట్లో పెట్టేశాను. "కొత్త టపా. చదివి మీ అభిప్రాయం చెప్పగలరు" అని రాసి కింద లంకె ఇచ్చాను. ప్రతిసారీ అదే.

కోడ్_కిరణ్
చిక్కంతా అక్కడే ఉంది. ఒకే మాట, ఒకే లంకె పావుగంటలో 34 చోట్ల పడితే ఫేస్‌బుక్ దాన్ని స్పామ్ అనుకుంటుంది. మా అన్నయ్యను ఇలాగే వారం రోజులు ఏ గ్రూపులోనూ రాయనివ్వలేదు. ఇంకో సంగతి, 2018 జనవరిలో వాళ్లు ఫీడ్ తీరే మార్చేశారు. పేజీలు పెట్టేవాటి కన్నా స్నేహితులు, చుట్టాలు మాట్లాడుకునేవి ముందు చూపిస్తామని జకర్‌బర్గ్ స్వయంగా ప్రకటించాడు. పోస్టు కింద మాటామాటా నడిస్తే అది పైకొస్తుంది. లంకె పడేసి వెళ్లిపోతే అడుగునే ఉండిపోతుంది. ఆ 40 మందికి మీరు జవాబు ఇచ్చారా?

చిక్కడపల్లి_శారద
లేదు. లైకు కొట్టి ఊరుకున్నాను. 34 చోట్లా తిరిగి జవాబులు రాయడం నా వల్ల కాదు.

మూసీగట్టు
34 చోట్ల వద్దు. రెండు చోట్ల పెట్టి ఆ రెండింట్లో కూర్చోండి.

పాతటపా
నేను 2007లో మొదలుపెట్టాను. అప్పుడు కూడలి, జల్లెడ లాంటి చోట్ల కొత్త టపాల జాబితా ఒక్కచోట కనిపించేది. ఆఫీసుకు రాగానే అది తెరవడం, నాలుగు చదవడం, రెండింటికి వ్యాఖ్య రాయడం. నేను మీ బ్లాగులో వ్యాఖ్య రాస్తే "ఎవరబ్బా ఈయన" అని మీరు నా బ్లాగుకు వచ్చేవారు. అలా వచ్చి పరిచయమైనవాళ్లలో ముగ్గురు నా కూతురి పెళ్లికి వచ్చారు. మనకు నచ్చిన బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకచోటికి తెచ్చి చూపించే గూగుల్ రీడర్‌ను 2013 జులై 1న మూసేశారు. ఫీడు పెట్టుకుని చదివే అలవాటు మాలో చాలామందికి దానితోనే పోయింది. తరువాత గూగుల్ ప్లస్‌లో పొడుగు పొడుగు చర్చలు చేశాం. 2019 ఏప్రిల్‌లో అదీ మూతపడింది, రాసినవన్నీ పోయాయి. నా 2007 టపాలు మాత్రం ఇవాళ్టికీ అక్షరం చెదరకుండా ఉన్నాయి. అందుకే ఇరానీచాయ్ గారి మాట ఒప్పుకోలేను. ఎక్కడైనా రాయండి, అసలు ప్రతి మాత్రం మీ దగ్గర ఉండాలి.

ఇరానీచాయ్
అన్నా, మీరు చెప్పింది కాదనను. పోయినేడు నాంపల్లి సరాయి మీద రాసిన పోస్టు నాకే దొరకట్లేదు, కిందికి జరుపుతూ జరుపుతూ వేలు నొప్పి పుట్టింది. కానీ దాన్ని చదివినవాళ్లు ఉన్నారు, అది ముఖ్యం నాకు. బ్లాగులో భద్రంగా దాచి ఎవరూ చదవకపోతే?

వంటింటి_వసంత
నా అనుభవం రాస్తా, కాస్త పొడుగు. నాది వంటల బ్లాగు. ఇన్‌స్టాగ్రామ్‌లో గోంగూర పచ్చడి రీలు పెట్టి, "కొలతలు బ్లాగులో ఉన్నాయి" అని చివర రాశాను. రీలు 40 వేల మంది చూశారు. బ్లాగుకు వచ్చింది 60 మంది. కింద కామెంట్లు చూడాలి, "ఉప్పెంతో చెప్పడానికి కూడా బ్లాగుకు రావాలా ఆంటీ" అని ఒకమ్మాయి. ముందు కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే ఆ పిల్లదే న్యాయం అనిపించింది. స్టవ్ మీద గోంగూర వేగుతుంటే ఎవరు లంకె వెతుక్కుంటారు? పైగా ఇన్‌స్టాలో కింద రాసే మాటల్లో లంకె పెడితే నొక్కినా తెరుచుకోదు. ప్రొఫైల్‌లోకి వెళ్లాలి, లేదా స్టోరీలో స్టిక్కర్ పెట్టాలి.

తరువాతి రీలులో కొలతలన్నీ అక్కడే ఇచ్చేశాను, ఏదీ దాచలేదు. బ్లాగులో వేరేది రాశాను. ఆవకాయకు బూజు ఎందుకు పడుతుంది, జాడీ ఎలా ఎండబెట్టాలి, నూనె ముక్క మీదికి తేలకపోతే మూడో రోజు ఏం చెయ్యాలి. "జాడీ సంగతి, బూజు సంగతి రాసి పెట్టాను, ప్రొఫైల్‌లో మొదటి లంకె" అన్నాను. చూసినవాళ్లు తక్కువే, 6 వేలు. బ్లాగుకు మాత్రం 400 మంది పైనే వచ్చారు. మే నెలంతా వస్తూనే ఉన్నారు. అమెరికా నుంచి ఒకమ్మాయి జాడీ ఫోటో తీసి "ఆంటీ, ఇది పారెయ్యాలా" అని అడిగింది. పైపొర తీసెయ్యమని చెబితే సరిపోతుందా అని నాకూ అనుమానం వచ్చింది. మళ్లీ ఒకసారి ఫోటో దగ్గరగా తీయించుకుని చూశాను. బూజు అడుగుదాకా దిగింది. పారెయ్యమన్నాను.

చిక్కడపల్లి_శారద
వసంత గారూ, అంటే నా టపా మొత్తం ఫేస్‌బుక్‌లో ఇచ్చెయ్యమంటారా?

వంటింటి_వసంత
మొత్తం కాదమ్మా. అక్కడ చదివినవాళ్లకు అక్కడే కడుపు నిండాలి. ఊరించి మధ్యలో ఆపెయ్యకూడదు. ఇంకా కావాలనుకున్నవాళ్లు ఇంటికి వస్తారు.

నల్లకుంట_మాస్టారు
మొత్తం ఇచ్చే విషయంలో ఒక హెచ్చరిక. మేము చదువుకున్న బడి మీద, మా లెక్కల పంతులు గారి మీద ఒక వ్యాసం రాసి పూర్తి పాఠం ఫేస్‌బుక్‌లో పెట్టాను. నాలుగు రోజుల తరువాత లక్షల మంది అనుచరులున్న ఒక పేజీలో నా పేరు లేకుండా అదే వ్యాసం కనిపించింది. "మా లెక్కల పంతులు గారు" అన్న మాట కూడా మార్చలేదు. కింద వందల మంది ఆ పేజీవాళ్లను మెచ్చుకుంటున్నారు. ఇది నాదండీ అని కామెంటు పెడితే నన్ను బ్లాక్ చేశారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మా మనవడు ఫేస్‌బుక్‌లో కాపీరైటు ఫిర్యాదు ఫారం నింపి, బ్లాగులో ముందు ప్రచురించిన తేదీతో లంకె జతచేశాడు. కొన్నాళ్లకు తీసేశారు. బ్లాగులో ముందు వేసి ఉండకపోతే నాదని చూపడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. కాబట్టి శారదా, ముందు బ్లాగులో వెయ్యి, ఆ తరువాతే మరో చోట.

పాతటపా
మాస్టారూ, ఇది అందరూ చదవాల్సిన మాట.

కోడ్_కిరణ్
శారద గారూ, మీ లంకె తెరిచి చూశాను. మూడు సంగతులు. ఒకటి, చిరునామా చివర "బ్లాగ్-పోస్ట్_17" అని ఉంది. శీర్షిక తెలుగులో రాస్తే మీ బ్లాగు ఉన్న గూగుల్ బ్లాగర్ సైటుకు దానితో చిరునామా చేయడం రాదు, అందుకని అలా పేరు పెట్టేస్తుంది. వాట్సాప్‌లో చూసినవాళ్లకు అది దేని గురించో తెలియదు. ప్రచురించే ముందే పక్కనున్న పెర్మాలింక్‌లో ఇంగ్లీషు అక్షరాలతో మీరే పేరు ఇచ్చుకోవాలి. వర్డ్‌ప్రెస్ అయితే తెలుగును ఉంచుతుంది కానీ లంకె కాపీ చేస్తే శాతం గుర్తులూ అంకెలూ కలిసి చాంతాడంత అవుతుంది. "చింతచెట్టు" అనే ఒక్క మాటే 90 గుర్తులు.

రెండు, లంకెతో పాటు బొమ్మ రావట్లేదు, బూడిదరంగు డబ్బా వస్తోంది. మీరు తీసిన చెట్టు ఫోటో అంత బాగుంటే అది టపాలో ఎక్కడో ఆరో పేరా కింద ఉంది. మొదట పెట్టండి. 1200 అడ్డం, 630 నిలువు కొలతకు కత్తిరిస్తే ఫేస్‌బుక్‌లో నిండుగా కనిపిస్తుంది. మరీ బరువైన ఫోటో అయితే వాట్సాప్‌లో రాదు. మార్చాక కూడా ఫేస్‌బుక్ పాత డబ్బానే చూపిస్తే, వాళ్ల షేరింగ్ డీబగ్గర్‌లో లంకె వేసి మళ్లీ చదివించాలి.

మూడోది అంత తొందరేం లేదు, తరువాత చెబుతా.

మూసీగట్టు
ఇవన్నీ సరే, నా మాట కూడా వినండి. ఆ టపాను సెప్టెంబరు 28న మళ్లీ పెట్టండి. వరద వచ్చిన రోజు అదే. ఇంకా తొమ్మిది రోజులుంది. నేను గండిపేట మీద రాసిన టపా ఏడాదంతా ఎవరూ చూడరు. గేట్లు ఎత్తారని వార్త వచ్చిన రోజు పెడితే జనం విరగబడి చదువుతారు. 1908 వరద తరువాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, అదే గండిపేట చెరువు, కట్టారు, 1927లో హిమాయత్‌సాగర్, ఈ సంగతులు ఆ రోజు అందరికీ కావాలి. 2020 అక్టోబరులో కాలనీలు మునిగినప్పుడు ఆ ఒక్క వారంలో వచ్చినంతమంది మిగతా ఏడాదిలో రాలేదు. బోనాలకు లష్కర్ టపా, డిసెంబరులో పుస్తక ప్రదర్శనకు అబిడ్స్ పాత పుస్తకాల టపా. మీ దగ్గర 140 ఉన్నాయి. కొత్తవే పంచాలని ఎవరన్నారు?

చిక్కడపల్లి_శారద
ఇది నాకు తట్టనే లేదు! పాతవి మళ్లీ పెడితే జనం విసుక్కుంటారేమో అనుకునేదాన్ని. 28న పెడతాను. ఇలా రాశాను, చూడండి:

"1908 సెప్టెంబరు 28న సంభవించిన మూసీ వరదలు భాగ్యనగర చరిత్రలో ఒక విషాద ఘట్టం. ఆ సందర్భంగా అనేకమంది ప్రాణాలను కాపాడిన చారిత్రక వృక్షం గురించి నా బ్లాగులో చదవగలరు."

ఇరానీచాయ్
"సంభవించిన" దగ్గరే నేను ఆగిపోయా శారదక్కా. మీ టపా ఇంత బాగుంది, ఈ రెండు ముక్కలు ఎవరో వేరేవాళ్లు రాసినట్టున్నాయి.

నల్లకుంట_మాస్టారు
అవునమ్మా, పాఠ్యపుస్తకంలా ఉంది. నువ్వు వెళ్లిన రోజు అక్కడ ఏం చూశావు?

చిక్కడపల్లి_శారద
చెట్టు కింద రోగుల బంధువులు కూర్చున్నారు మాస్టారూ. ఒకావిడ స్టీలు డబ్బా విప్పి కొడుక్కి పప్పన్నం కలిపి పెడుతోంది. అబ్బాయి చేతికి సెలైన్ పట్టీ ఉంది, అందుకని ఆవిడే ముద్దలు పెడుతోంది. ఈ చెట్టు సంగతి తెలుసా అమ్మా అని అడిగితే, "నీడ బాగుంటదని కూసున్నం" అంది.

మూసీగట్టు
ఇది టపాలో ఎందుకు లేదు?!

నల్లకుంట_మాస్టారు
ఇదే రాయి. ఇంకేమీ వద్దు.

చిక్కడపల్లి_శారద
మళ్లీ రాశాను:

"ఉస్మానియా ఆసుపత్రిలో చింతచెట్టు కింద ఒకావిడ కొడుక్కి పప్పన్నం కలిపి పెడుతోంది. నీడ బాగుంటుందని కూర్చున్నారట. 1908లో సరిగ్గా ఇదే రోజు, సెప్టెంబరు 28న, మూసీ పొంగితే ఈ చెట్టు కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా బతికారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఆ వరద గురించి ఏమైనా చెప్పేవారా?"

వంటింటి_వసంత
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. చివర అడిగారు చూడండి, అది చాలా బాగుంది. లంకె మాత్రం మొదటి కామెంటులో పెట్టండి, పోస్టులో పెడితే ఎక్కువమందికి చూపించదు.

కోడ్_కిరణ్
నేను ఒప్పుకోను వసంత గారూ. ఫోనులో కామెంట్లు తెరిచేవాళ్లు ఎందరు? పోస్టు చివరే ఉండాలి. ట్విట్టర్‌లో అయితే ఇంకా కష్టం, 2023లో ఎక్స్ అయ్యాక కొన్నాళ్లు లంకె కింద శీర్షిక కూడా తీసేశారు.

వంటింటి_వసంత
నాకు కామెంటులో పెడితేనే వచ్చారు బాబూ. సరే, ఒకచోట అలా, ఒకచోట ఇలా పెట్టి చూడమనండి.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్
డబ్బులు పెట్టి ఫాలోవర్లను కొంటే? అని ఎవరైనా అనేలోపే చెబుతున్నా. నా కవితల పేజీకి ఒక ఏజెన్సీకి 1500 ఇచ్చి 10 వేల మంది ఫాలోవర్లను కొన్నాను. ఏవేవో దేశాల పేర్లు, ఒక్కరికీ తెలుగు రాదు. వాళ్లెవరూ నా పోస్టులు పట్టించుకోరు కదా, దానితో అంతకుముందు చదివే 200 మందికి కూడా కనిపించడం తగ్గిపోయింది. చివరికి ఆ పేజీ మూసి కొత్తది తెరిచాను. దయచేసి ఎవరూ కొనకండి.

రామంతపూర్_రవళి
వికీపీడియాలో మూసీ వ్యాసం కింద బ్లాగు లంకె పెట్టుకోవచ్చుగా? అక్కడ చాలామంది చదువుతారు.

పాతటపా
వద్దమ్మా. సొంత బ్లాగుకు ప్రచారం కోసం అక్కడ లంకెలు పెట్టడం పద్ధతి కాదు, తీసేస్తారు. శారద గారి ఫోటోలు వికీపీడియావాళ్ల ఉచిత బొమ్మల భండారం కామన్స్‌లో ఇస్తే అది మంచి పని, తెలుగు వికీ వ్యాసాలకు వాడుకుంటారు. అది పాఠకుల కోసం కాదు, ఊరి కోసం.

రామంతపూర్_రవళి
సరేనండి, తెలియక అడిగాను. వాట్సాప్‌లో?

కోడ్_కిరణ్
నేను దాచిన మూడోది అదే. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికే పంపగలం, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే వెళుతుంది. గ్రూపు పెడితే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, శుభోదయం పూలబొమ్మల్లో మన టపా కొట్టుకుపోతుంది. 2023 సెప్టెంబరులో మన దేశంలోకి ఛానెళ్లు వచ్చాయి, నంబర్లు బయటపడవు. బ్లాగులో ప్రతి టపా కింద "కొత్తవి వాట్సాప్‌లో కావాలంటే" అని ఛానెల్ లంకె ఉంచండి. ఫేస్‌బుక్ నుంచి ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ వచ్చే దారి ఉండాలి కదా. ఇంకొకటి గుర్తుంచుకోండి. వాట్సాప్‌లో నొక్కి వచ్చినవాళ్లు బ్లాగు లెక్కల్లో చాలావరకు ఎక్కడి నుంచి వచ్చారో తెలియకుండా "డైరెక్ట్" కింద పడతారు. అది చూసి వాట్సాప్ నుంచి ఎవరూ రాలేదనుకోకండి.

చిక్కడపల్లి_శారద
28 అయిపోయింది. ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను, చేతులు ఆడట్లేదు.

రెండే చోట్ల పెట్టాను, ఒక పాతబస్తీ చరిత్ర గ్రూపు, మా కాలనీ వాట్సాప్ గ్రూపు. మూసీగట్టు గారు చెప్పినట్టు మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చుని వచ్చిన ప్రతివాళ్లకూ జవాబు రాశాను. లైకులు 71. మునుపటి కంటే చాలా తక్కువ. కానీ సాయంత్రానికి ఫేస్‌బుక్ నుంచి 64 మంది బ్లాగుకు వచ్చారు.

ఆ గ్రూపులో ఒక పెద్దాయన రాశారు. వాళ్ల నాయనమ్మకు అప్పుడు ఏడేళ్లట, ఇల్లు అఫ్జల్‌గంజ్ వైపు. నీళ్లు తగ్గాక ఇంటికి వస్తే గోడలు లేవు, రోలు ఒక్కటే ఉన్నచోట ఉందట. ఆ రోలు ఇప్పటికీ వాళ్లింట్లోనే ఉంది. ఫోటో పంపారు. ఒక పక్క అంచు విరిగి ఉంది. వారి అనుమతి తీసుకుని ఫోటో, ఆ మాటలు టపా చివర చేర్చి, "చేర్చాను చూడండి" అని చెప్పాను. ఆయన వాళ్ల కుటుంబం గ్రూపులో పెట్టారట. నిన్న రాత్రి నుంచి ఇప్పటిదాకా "డైరెక్ట్" అని 210 మంది వచ్చారు. ముగ్గురు మనవరాళ్లు బ్లాగులోనే వ్యాఖ్యలు రాశారు. వాళ్లలో ఒకరికి రోలు సంగతి ఇప్పుడే తెలిసిందట.

నల్లకుంట_మాస్టారు
ఆ రోలు ఫోటో చూశాను. చాలాసేపు చూశాను.

ఇరానీచాయ్
అక్కా, నాంపల్లి సరాయి పోస్టు వెతికి పట్టుకున్నా. బ్లాగు మళ్లీ తెరుస్తున్నా. పాస్‌వర్డ్ గుర్తు రావట్లేదు, అదొక్కటే.

వంటింటి_వసంత
లంకె ఎక్కడ పెట్టారమ్మా, పోస్టులోనా కామెంటులోనా?

చిక్కడపల్లి_శారద
పోస్టు చివర పెట్టాను వసంత గారూ. తరువాతిసారి మీరు చెప్పినట్టు చేసి లెక్క చెబుతాను.

కోడ్_కిరణ్
టపా చిరునామా ఇంకా "బ్లాగ్-పోస్ట్_17" అనే ఉంది. మార్చలేదేం?

చిక్కడపల్లి_శారద
ఇప్పుడు దాన్ని ముట్టుకోను కిరణ్. మారిస్తే వాళ్ల కుటుంబం గ్రూపులో ఉన్న లంకె తెగిపోతుంది. మొజంజాహీ మార్కెట్ టపా సగం రాశాను, దానికి మాత్రం పేరు ముందే పెట్టేశాను. 1935లో కట్టింది కదా, ఆ రోజుల్లో అక్కడ కొట్టు ఉన్నవాళ్ల పిల్లలు, మనవలు మీకెవరైనా తెలుసా?

మూసీగట్టు
మా మేనమామకు ఒక అత్తరు కొట్టాయన తెలుసు. ఆదివారం పొద్దున వీలవుతుందా? పదిన్నర దాటితే రద్దీ.